మట్టి ఓవల్ బండి డైరీ: 24 గంటలు, 840 కిలోమీటర్లు, ₹21,080

రోడ్డు బండికి స్పేర్ల ఆయుష్షు కిలోమీటర్లలో చెబుతారు. మట్టి ఓవల్ మీద, అంటే కోడిగుడ్డు ఆకారపు మట్టి రేసు ట్రాకు మీద, ఆ లెక్క పనికిరాదు. బెంగళూరు దగ్గర హోస్కోటే దాటాక ఒక ప్రైవేటు పొలంలో 250 మీటర్ల చుట్టు ఉన్న ఓవల్ మీద, యమహా ఆర్ఎక్స్ 100 ఇంజిన్ పెట్టిన బండి, ఇంజిన్ నడిచిన సమయం లెక్కపెట్టే గంటల మీటరు ప్రకారం 24 గంటలు నడిచింది. దూరం చూస్తే 840 కిలోమీటర్లే. రోడ్డు మీద అంత దూరానికి చైన్‌కి ఒకటి రెండు సార్లు నూనె పెడితే సరిపోతుంది. ఇక్కడ ఒక చైన్, ఒక వెనక టైరు, ఒక జత రింగులు, ఒక పిస్టన్ పూర్తిగా అయిపోయాయి. ఏది ఎన్ని నిమిషాలు బతికింది, ఎందుకు పోయింది, ఎంతయింది అన్నదే ఈ డైరీ.

మట్టి ఓవల్ మీద జరిగే బైకు రేసుని స్పీడ్‌వే అంటారు. అసలు స్పీడ్‌వే బండి వేరు. 500 సీసీ సింగిల్ సిలిండర్, మిథనాల్ ఇంధనం, ఒకే గేరు, బ్రేకులు లేవు, కనీస బరువు 77 కిలోలు. నలుగురు రైడర్లు ఎడమ వైపే తిరుగుతూ నాలుగు ల్యాపులు కొడతారు, దాదాపు నిమిషంలో పరుగు ముగుస్తుంది. అక్కడ ఇంజిన్ సర్వీసుని పరుగుల సంఖ్యతో లెక్కపెడతారు. ఇక్కడా అదే పద్ధతి పెట్టుకున్నాం. నాలుగు ల్యాపులు ఒక పరుగు, అంటే సరిగ్గా ఒక కిలోమీటరు. మీటరు మీద ఒక గంటకి సగటున 35 పరుగులు. మిగతా సమయం ఇంజిన్ వేడెక్కడానికీ, లైనులో నిలబడటానికీ పోతుంది. బండికి ముందు బ్రేకు తీసేశాం, వెనక డ్రమ్ము ఉంచాం. ఈ నేల గట్టిది, చుట్టూ గాలి నింపిన మెత్తటి కంచె లేదు. అలాంటి చోట బ్రేకు పూర్తిగా తీసేయడం తప్పు.

గంట 0:00

ఫ్రేమ్, ఇంజిన్ శివాజీనగర్ గుజరీలో తుక్కు కింద దొరికినవి, కాగితాలు రద్దయినవి. కాగితాలు సరిగ్గా ఉన్న ఆర్ఎక్స్‌ని దయచేసి ఇందుకోసం కోయొద్దు. అలాంటివి ఇక పుట్టవు. ఈ బండి రోడ్డెక్కదు, పొలానికి టాటా ఏస్ మీదే వెళ్తుంది.

ఇంజిన్ అసలు కొలత 50 మి.మీ. బోరు, 50 మి.మీ. స్ట్రోకు, 98 సీసీ. చేతికొచ్చినప్పటికే 0.50 బోరు అయి ఉంది, అంటే సిలిండర్‌ని అసలు కొలత కన్నా 0.50 మి.మీ. పెద్దగా కోశారు. కొత్త 0.50 పిస్టన్, దానికీ సిలిండర్ గోడకీ మధ్య 0.04 మి.మీ. క్లియరెన్సు. రింగు నోరు, అంటే రింగు రెండు కొనల మధ్య సందు, 0.20 మి.మీ. నాలుగు గేర్లలో మూడోదే వాడతాం. వెనక పళ్ళచక్రం కంపెనీదానికన్నా మూడు పళ్ళు పెద్దది. 428 సైజు చైన్. వెనక 3.00-18 గడుల టైరు, లోపల రిమ్ లాక్, గాలి 16 పీఎస్ఐ. రిమ్ లాక్ లేకుండా ఇంత తక్కువ గాలితో నడిపితే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వుని మొదలంటా చింపేస్తుంది.

ఆయిల్ పంపు తీసేసి ఆ రంధ్రానికి ప్లేటు బిగించాం. పెట్రోల్లోనే లీటరుకి 30 మి.లీ. 2టీ ఆయిల్ (టూ స్ట్రోకు ఇంజిన్ ఆయిల్) కలుపుతున్నాం. పంపు మంచిదే, కానీ దాని కేబుల్ సన్నగా ఉంటుంది. మట్టి చేరి అది ఇరుక్కుంటే ఇంజిన్ పట్టేసే దాకా ఎవరికీ తెలియదు.

ప్లగ్ వైరుకి చుట్టే గంటల మీటరు ₹450. బండికి కొన్నవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. స్పార్కు ఉన్నంతసేపే లెక్కపెడుతుంది. అంచనాతో రాసిన డైరీలో గంటలు ఎప్పుడూ తక్కువే పడతాయి.

మణికట్టుకి కట్టుకునే కిల్ తాడు ₹250. రైడర్ పడ్డాడంటే తాడు ఊడి ఇంజిన్ ఆగాలి. మొదటి పరుగుకి ముందు బండి స్టార్టు చేసి తాడు లాగి చూడాలి. ఆగలేదంటే ఆ రోజు బండి కదలదు. స్విచ్చి లోపల రాగి తుప్పుపట్టడం మామూలే, కనిపించదు.

గంట 1:30

మొదటి మూడు సెషన్లు. వెనక చక్రంలో ఎడమ పక్క పుల్లలు ఆరు వదులయ్యాయి. కొత్తగా అల్లిన చక్రానికి ఇది సహజం. స్పానర్‌తో ఒక్కో పుల్లనీ తట్టి శబ్దం వినాలి. "టింగ్" అంటే బిగువుంది, "టక్" అంటే వదులు. ఒకేసారి పూర్తిగా బిగించకుండా పావు తిప్పు చొప్పున రెండు చుట్లు రావాలి.

గేర్ ఆయిల్ 650 మి.లీ. మార్చాం. బూడిద రంగులో దిగింది, అదంతా క్లచ్ ప్లేట్ల పొడి. మొదటి మార్పు తొందరగా చేయడం వృథా కాదు.

ఎయిర్ ఫిల్టరు గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇంజిన్ ఆయుష్షు మొత్తం దాని చేతిలోనే ఉంది. ఫిబ్రవరిలో ఈ వైపు ఎర్రమట్టి పౌడరులా ఉంటుంది, వేళ్ళ మధ్య నలిపితే గరగర తెలియదు. ఆ సన్నదనమే ప్రమాదం. కాగితం ఫిల్టరు దానికి పది నిమిషాల్లో మూసుకుపోతుంది. నూనె పట్టించిన స్పాంజి పెట్టాం. అలాంటివి మూడు, ఒక్కోటి ₹180. సెషన్‌కొకటి, అంటే ప్రతి 30 నిమిషాలకి మార్పు. సాయంత్రం మూడూ కలిపి కిరోసిన్‌లో పిండి, సబ్బు నీళ్ళలో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, మళ్ళీ ఫిల్టరు నూనె. కడిగేటప్పుడు మెలిపెట్టి పిండితే అతుకుల దగ్గర చిరుగుతుంది, అరచేతుల మధ్య నొక్కాలి. తడి ఆరకముందే నూనె పెడితే ఆ చోట నూనె పట్టదు, మట్టి అక్కడినుంచే దారి చేసుకుంటుంది.

ఫిల్టరు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పద్ధతి ఒకటుంది. ఫిల్టరుకీ కార్బురేటర్‌కీ మధ్య రబ్బరు గొట్టం లోపల, వేలితో తెల్ల గ్రీజు పలచగా రాయండి. సెషన్ అయ్యాక చూడండి. తెల్లగానే ఉంటే సరే. ఎర్రబారిందంటే ఆ మట్టి సిలిండర్లోకీ వెళ్ళింది.

గంట 4:50

ప్లగ్ మార్చాం, ₹120. పాతది ఇంకా మండుతోంది, కానీ మధ్య ఎలక్ట్రోడు అంచులు గుండ్రంగా అరిగాయి. స్టార్టు లైనులో ఒకసారి మిస్సయితే ఆ పరుగు పోయినట్టే, కాబట్టి ₹120 దగ్గర ఆలోచించక్కర్లేదు. గేర్ ఆయిల్ రెండోసారి మారింది.

చైన్ కొలత. 428 చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మి.మీ. కాబట్టి 21 పిన్నులు లెక్కపెట్టి మొదటిదాని మధ్య నుంచి చివరిదాని మధ్య దాకా కొలిస్తే, కొత్తలో 254 మి.మీ. రావాలి. ఒక శాతం సాగితే 256.5. అదే మా హద్దు. ఇప్పుడు 255.0 ఉంది. ఐదు గంటల లోపే ఒక మిల్లీమీటరంటే తొందర ఎక్కువే.

వెనక టైరు ఎడమ అంచు గడులు గుండ్రబడ్డాయి, కుడి అంచు కొత్తదానిలా ఉంది. ఎప్పుడూ ఎడమకే తిరిగే బండికి ఇంతే. టైరు విప్పి రిమ్ము మీద తిప్పి వేశాం. దిశ బాణం లేని టైరు కొంటే ఈ వెసులుబాటు ఉంటుంది, కొనేటప్పుడే చూసుకోవాలి. తిప్పడమంటే సగం టైరు ఉచితంగా వచ్చినట్టే.

గంట 8:10

క్లచ్ జారింది. స్టార్టులో ఇంజిన్ మోత పెరుగుతోంది, బండి కదలడం లేదు. రెండు కారణాలు కలిశాయి.

ఒకటి, స్టార్టు పద్ధతి. స్పీడ్‌వే స్టార్టు అంటే ఇంజిన్‌ని మోతలో పెట్టి క్లచ్ ఒక్కసారి వదలడం. ఇక్కడ లైనులో సగం క్లచ్ మీద బండిని ముందుకీ వెనక్కీ ఊపుతూ పది సెకన్లు నిలబెడుతున్నారు. ఆ పది సెకన్లలో పడే అరుగుదల అసలు స్టార్టు కన్నా ఎక్కువ. రెండు, మధ్యలో ఒకసారి గేర్ ఆయిల్ బదులు కారు ఇంజిన్ ఆయిల్ పోశాం. ఇంధనం ఆదా కోసం దాంట్లో జారుడు మందులు కలుపుతారు, తడి క్లచ్‌కి అవే శత్రువు. డబ్బా మీద జాసో ఎంఏ (తడి క్లచ్‌కి సరిపోతుందని చెప్పే గుర్తు) అని ఉన్న ఆయిలే పోయాలి.

విప్పి చూస్తే ప్లేట్లు కొత్తవాటికన్నా 0.3 నుంచి 0.4 మి.మీ. సన్నబడ్డాయి. రెండు స్టీలు ప్లేట్లు నీలం రంగు తిరిగాయి. వాటిని అద్దం మీద పెట్టి ఒత్తి చూస్తే ఒకటి ఊగింది, అంటే వంగింది. కొత్త సెట్టు ₹550, స్ప్రింగులు ₹120. కొత్త ప్లేట్లని బిగించేముందు రాత్రంతా గేర్ ఆయిల్లో నానబెట్టాలి. పొడిగా పెడితే మొదటి స్టార్టులోనే మాడతాయి. ప్లేట్లు కూర్చునే గిన్నెని బాస్కెట్ అంటారు, దాని వేళ్ళ మీద ప్లేట్లు కొట్టుకుని గాట్లు పడ్డాయి. సన్నటి ఆకురాయితో సాపు చేశాం. గాటు లోతు 0.5 మి.మీ. దాటితే ఆకురాయితో లాభం లేదు, బాస్కెట్ మార్చాల్సిందే. లివరు దగ్గర కేబుల్ వదులు 2 నుంచి 3 మి.మీ. ఉండాలి. బిగుతుగా ఉంటే క్లచ్ ఎప్పుడూ పూర్తిగా పట్టదు.

గంట 9:40

కిక్కు కొడితే కాలికి బలం తగలడం లేదు. హెడ్, బ్లాక్ తీశాం. రింగుని బోరులో పై నుంచి 20 మి.మీ. లోపలికి పిస్టన్‌తో నెట్టి, ఫీలర్ గేజ్‌తో నోరు చూస్తే 0.45 మి.మీ. మొదలుపెట్టింది 0.20 దగ్గర. ఇక్కడ ఒక లెక్క గుర్తుంటే చాలు. బోరు వ్యాసంలో 0.01 మి.మీ. అరుగుదల రింగు నోరుని 0.03 పెంచుతుంది, ఎందుకంటే నోరు చుట్టుకొలతలో కనిపిస్తుంది. అంటే రింగూ బోరూ కలిసి 0.08 దాకా అరిగాయి. బోరు గేజ్‌తో చూస్తే బోరు వాటా తక్కువే, రింగులే ఎక్కువ తిన్నాయి. కాబట్టి రింగులు మాత్రం మార్చాం, ₹350.

కొత్త రింగులని కూడా కొలవకుండా పెట్టొద్దు. జేసీ రోడ్‌లో ఒక కొట్టులో తెచ్చిన మొదటి ప్యాకెట్లో ఒక రింగు 0.20, రెండోది 0.60. ఒకే ప్యాకెట్, ఒకే హోలోగ్రామ్. వెనక్కిచ్చి వేరేది తెచ్చాం. గేజ్ లేకుండా బిగించి ఉంటే అరిగిన రింగు తీసి అంతకన్నా అరిగిన రింగు పెట్టినట్టయ్యేది. పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు నోరు దాని మీదే కూర్చోవాలి. బ్లాక్ దించేటప్పుడు నోరు పక్కకి జరిగిందంటే రింగు విరుగుతుంది, పోర్టులో చిక్కుకుంటుంది.

ఇంజిన్‌లోకి వచ్చిన గాలిని వెనక్కి పోనివ్వని రీడ్ వాల్వు రేకుల్ని వెలుతురుకి ఎత్తి చూశాం. మూలలు బాగున్నాయి, సందులోంచి వెలుగు రావడం లేదు. రేకు మూల విరిగితే ముక్క నేరుగా క్రాంకు కేసులోకి పోతుంది, అందుకని బ్లాక్ తీసిన ప్రతిసారీ దీన్నీ చూడాలి. సైలెన్సర్ నోటి దగ్గర పేరుకున్న మసి గీకేశాం.

గంట 11:00

చైన్ 257.3 మి.మీ. హద్దు దాటింది. ముందు పళ్ళచక్రం పళ్ళు కొక్కేల్లా వంగాయి. వెనక టైరుని కూడా ఈ రోజే మార్చాం, ఎడమా కుడీ రెండూ అయిపోయాయి.

చైన్ ఇంత తొందరగా పోవడానికి కారణం మేం పెట్టిన లూబ్రికెంటే. జిగురుగా ఉండే స్ప్రే. రోడ్డు మీద మంచిదే. ఇక్కడ ఆ జిగురు ఎర్రమట్టిని పట్టుకుని రుబ్బుడు ముద్దలా మారింది. పాత చైన్ లింకు ఒకటి గ్రైండ్ చేసి పిన్ను బయటికి తీస్తే, కొత్తలో నున్నగా ఉండాల్సిన పిన్ను నడుము ఒక పక్క గోరు తగిలేంత పల్లంగా ఉంది. చైన్ "సాగింది" అంటాం కానీ ఇనప పట్టీలు సాగవు. ఇలాంటి పల్లాలు ఒక్కో పిన్ను దగ్గరా కొంచెం కొంచెంగా కూడితే మిల్లీమీటర్లవుతాయి.

కొత్త చైన్‌కి పద్ధతి మార్చాం. రోజు చివర కిరోసిన్ బ్రష్‌తో కడగడం, గుడ్డతో తుడవడం, రోలర్ల మీద మామూలు గేర్ ఆయిల్ చుక్కలు, పది నిమిషాలాగి పై నూనెంతా మళ్ళీ తుడిచేయడం. పైన పొడిగా కనబడాలి, లోపల తడిగా ఉండాలి. ఎడమ పక్క పళ్ళచక్రం మూత లోపల మట్టి గట్టిపడి ఇటుకలా తయారవుతుంది, దాన్ని రోజూ స్క్రూడ్రైవర్‌తో పెకలించాలి. ఆ మట్టి చైన్‌ని పక్కకి తోసి ముందు పళ్ళని కొరికేస్తుంది. ఫలితం కింద రాశాం.

చైన్ ₹650, ముందు పళ్ళచక్రం ₹150. వెనకది ఇంకా బాగుంది.

గంట 13:20

ఇంజిన్ పట్టేసింది. పూర్తిగా కాదు, ఒక్క క్షణం వెనక చక్రం బిగుసుకుని మళ్ళీ వదిలింది. క్లచ్ లాగి ఆపారు.

ముందు రోజు ఒక సూచన కనబడింది, పట్టించుకోలేదు. యాక్సిలరేటర్ వదిలాక ఇంజిన్ మోత వెంటనే దిగకుండా రెండు సెకన్లు పైనే వేలాడింది. టూ స్ట్రోకులో అది గాలి ఎక్కడినుంచో దొంగచాటుగా వస్తోందనడానికి గుర్తు. ప్లగ్ తీసి చూస్తే గోధుమ రంగు లేదు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

ఎక్కడి లీకో తెలుసుకోవాలంటే ఇంజిన్‌కి గాలి పట్టించాలి. ఇన్‌టేక్, సైలెన్సర్ నోళ్ళకి రబ్బరు బిరడాలు బిగించి, ఇన్‌టేక్ బిరడాకి సన్న గొట్టం, దానికి పాత బీపీ మీటరు బుడగ. 280 మి.మీ. దాకా కొట్టాం, అంటే 5.4 పీఎస్ఐ. అంతకు మించి కొట్టొద్దు, మంచి సీళ్ళు కూడా తన్నుకుని బయటికొస్తాయి. నిమిషానికి 50 మి.మీ. లోపు దిగితే బాగున్నట్టు. మాది పది సెకన్లలో సున్నాకి పడింది. సబ్బు నురగ రాస్తే మాగ్నెటో (స్పార్కుకి కరెంటు పుట్టించే భాగం) పక్క ఆయిల్ సీలు దగ్గర బుడగలు. సీలు పెదవి మట్టికి అరిగి గట్టిపడింది. క్లచ్ పక్క సీలు పోతే లక్షణం ఇంకోలా ఉంటుంది. ఇంజిన్ గేర్ ఆయిల్ తాగి తెల్లటి పొగ వదులుతుంది. అది వెంటనే తెలిసిపోతుంది కాబట్టి మాగ్నెటో పక్కదే ఎక్కువ ప్రమాదం.

రెండు సీళ్ళు కలిపి ₹240. ఈ ₹240ని పది గంటల దగ్గరే ఖర్చుపెట్టి ఉంటే కింద రాసిన ₹1,800 మిగిలేది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

బ్లాక్‌ని పీణ్యలో బోరింగ్ షాపుకి తీసుకెళ్ళాం. లేత్ మీదున్న మదనపల్లె మనిషి పిస్టన్‌ని వెలుగులో తిప్పి, "అన్నా, పట్టేసింది ముందర పక్క. ఈ ఎనక పక్క చూడు, ఇది మట్టి తినింది" అన్నాడు. అతను చెప్పింది నిజం. సైలెన్సర్ వైపు గీతలు పట్టేసినప్పటివి, అల్యూమినియం కరిగి పాకింది. ఇన్‌టేక్ వైపు మాత్రం మసకబారిన బూడిద రంగు మెరుపు, ఇసుక కాగితం రుద్దినట్టు నిలువుగా. క్లియరెన్సు అక్కడ 0.09. ఎక్కడో ఫిల్టరు దాటి మట్టి వెళ్ళింది. తిరిగొచ్చి వెతికితే రబ్బరు గొట్టం క్లిప్పు అర తిప్పు వదులుగా ఉంది. ఫిల్టరు ఎంత శుభ్రంగా కడిగినా దాని వెనకున్న క్లిప్పు వదులైతే అంతా వృథా. ఇప్పుడు క్లిప్పు మీద పెయింటు గీత ఉంది, గీత తప్పితే తెలుస్తుంది.

0.75 బోరు కొట్టించాం. బోరు, హోనింగ్ ₹500, పిస్టన్ కిట్టు ₹1,300. పిస్టన్ చేతిలో పెట్టుకుని బోరు కొట్టించాలి, ముందే బోరు కొట్టించి పిస్టన్ కోసం తిరగకూడదు. ఒకే సైజు అని రాసున్నా ఒక్కో పిస్టన్ 0.01, 0.02 తేడాతో వస్తుంది. హోనింగ్ అయ్యాక వేడినీళ్ళు, బట్టల సబ్బుతో కడిగి తెల్లగుడ్డతో తుడవాలి. పెట్రోలుతో కడిగితే రాయి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా, మాకు నాలుగు సార్లు పట్టింది. తర్వాత వెంటనే నూనె.

కొత్త పిస్టన్‌కి మొదటి అరగంట యాక్సిలరేటర్ సగం దాకానే తిప్పాలి. ఐదు నిమిషాలు నడపడం, పూర్తిగా చల్లారనివ్వడం, ఇలా ఆరుసార్లు. అది పరుగుల కింద లెక్కలోకి రాదు కానీ మీటరుకి ఎక్కుతుంది.

గంట 16:00

రెండో టైరు తిప్పాం. కార్బురేటర్ విప్పితే గిన్నె అడుగున తెల్లటి పొడి, రెండు నీటి చుక్కలు. కారణం పెట్రోల్లోని ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది, ఆ నీళ్ళు అల్యూమినియం, జింకు కలిసిన కార్బురేటర్ లోహాన్ని తింటాయి. మిథనాల్‌తో నడిచే స్పీడ్‌వే బండ్లకి ఇదే జబ్బు ఇంకా ఎక్కువ. అందుకే అక్కడ రోజు ముగిశాక కార్బురేటర్‌లో మామూలు పెట్రోలు పారించి మిథనాల్‌ని కడిగేస్తారు. మాకు అంత అవసరం లేదు. రోజు చివర పెట్రోలు కాక్ మూసి, గిన్నె అడుగు స్క్రూ విప్పి ఖాళీ చేస్తే చాలు. కలిపిన పెట్రోలు వారం దాటితే బండిలో పోయం. పెట్రోలు పైపు వైటన్ రబ్బరుది వేశాం. మామూలు రబ్బరు ఉబ్బి లోపలే మూసుకుపోతుంది.

జెట్ సంగతి. కార్బురేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే రంధ్రమే జెట్. ఇథనాల్ మండటానికి తక్కువ గాలి చాలు, కాబట్టి అదే జెట్‌తో ఇ20 పోస్తే మిశ్రమం పలచబడుతుంది, అంటే ఇంధనానికి గాలి ఎక్కువవుతుంది. కానీ బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడి గాలే పలచన. దాంతో మిశ్రమం చిక్కబడుతుంది. ఒకదాన్ని ఒకటి సగానికి పైగా రద్దు చేస్తాయి. అందుకే మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచితే ప్లగ్ గోధుమ రంగుకి వచ్చింది. చెన్నైలో నడిపే బండికి ఇదే జెట్ పెడితే పలచనవుతుంది, అక్కడ ఇంకో సైజు పైనుంచి మొదలుపెట్టి ప్లగ్ రంగు చూస్తూ దిగాలి. పెద్ద జెట్‌తో మొదలుపెడితే పొగ వస్తుంది, చిన్న జెట్‌తో మొదలుపెడితే పిస్టన్ పోతుంది.

గంట 19:00

వెనక చక్రం పట్టుకుని ఊపితే టకటక. బేరింగులు మార్చాం, జత ₹300. ఇది రెండో జత. మొదటిది 9 గంటలకే పోయింది, కారణం మట్టి కాదు, నీళ్ళు. ప్రెషర్ వాషర్ నేరుగా హబ్ మీద కొట్టడంతో సీలు దాటి నీళ్ళు లోపలికెళ్ళాయి. ఇప్పుడు బకెట్టు, బ్రష్షు మాత్రమే. పాత బేరింగు మీదున్న నంబరు చూసి అదే నంబరు, రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నది అడగాలి.

మలుపులో నేల మీద జారే ఎడమ బూటు కింద స్టీలు షూ. 3 మి.మీ. ఇనప రేకుని అరికాలి ఆకారానికి వంచి, అడుగున గట్టి వెల్డింగు రాడ్‌తో అడ్డంగా ఆరు చారలు పోయించాం, ₹600. చారలు అరిగి రేకు బయటపడే ముందే మళ్ళీ పోయించాలి, ఒక్కోసారి ₹200, ఇప్పటికి రెండుసార్లు. రేకే అరిగితే మొత్తం కొత్తది కావాలి. పట్టీ మడమ వెనక బిగుతుగా ఉందో లేదో ప్రతి సెషన్‌కీ చూడాలి. షూ మధ్యలో ఊడితే కాలు నేలకి పట్టేసి మోకాలు తిరుగుతుంది.

గంట 24:00, లెక్క

రెండో చైన్ 13 గంటల తర్వాత 255.9. మొదటిది 11 గంటలకి 257.3. చైన్ రకం అదే, ధర అదే, మారింది తుడిచే పద్ధతి ఒక్కటే. రెండో క్లచ్ సెట్టు దాదాపు 16 గంటలయినా 0.2 మి.మీ. మాత్రమే తగ్గింది. లైనులో న్యూట్రల్‌లో నిలబడటం అలవాటైంది.

0:00 దగ్గర కొత్తగా వేసిన టైరు, చైన్ సెట్టు, క్లచ్ ప్లేట్లు, ప్లగ్ ఈ లెక్కలో ఉన్నాయి. మొదటి పిస్టన్, ఇంజిన్ కట్టడం, గంటల మీటరు, కిల్ తాడు, టాటా ఏస్ బాడుగ ఇందులో లేవు.

పెట్రోలు 60 లీటర్లు, ₹6,180. 2టీ ఆయిల్ 1.8 లీటర్లు, ₹720. వెనక టైర్లు రెండు, ₹3,800. పిస్టన్, రింగులు, బోరు, రెండుసార్ల గాస్కెట్లు, సీళ్ళు కలిపి ₹2,750. చైన్లు రెండు, ముందు పళ్ళచక్రాలు రెండు, వెనకది ఒకటి, ₹2,050. క్లచ్ ₹1,220. గేర్ ఆయిల్ ఐదు మార్పులు, ₹1,140. స్టీలు షూ ₹1,000. చక్రం బేరింగులు ₹600. కేబుళ్ళు, పుల్లలు ₹600. ఫిల్టరు స్పాంజీలు ₹540. ప్లగ్‌లు నాలుగు, ₹480. మొత్తం ₹21,080.

మీటరు మీద ఒక గంటకి ₹878, నాలుగు ల్యాపుల పరుగుకి ₹25. ఇంజిన్ లోపలి ఖర్చు మొత్తంలో ఏడో వంతు కూడా కాదు, టైర్లకన్నా తక్కువ. "రేసు బండి అంటే ఇంజిన్ ఖర్చు" అనుకుని బడ్జెట్ వేసేవాళ్ళు ముందు టైర్లకి, చైన్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి. ఇంజిన్‌ది తక్కువగా కనిపిస్తోంది కానీ ఒక ఖర్చు ఈ అంకెల్లో లేదు. 0.50 నుంచి 0.75కి వెళ్ళాం, ఇక మిగిలింది 1.00 ఒక్కటే. ఆ తర్వాత బ్లాక్‌కి కొత్త లైనర్ వేయించాలి. ప్రతి బోరూ ఆ బ్లాక్ ఆయుష్షులో నాలుగో వంతు. అందుకే ఫిల్టరు స్పాంజికి పెట్టిన ₹540ని ఇంజిన్ ఖర్చు కిందే చూడాలి.

ఇకనుంచి మార్పుల గడువులు: గేర్ ఆయిల్, ప్లగ్ 5 గంటలకి. రింగులు, రెండు క్రాంకు సీళ్ళు 10 గంటలకి, బాగున్నా సరే. టైరు 5 గంటలకి తిప్పడం, 11కి మార్చడం. పిస్టన్ 20 గంటలకి కొలవడం. క్రాంకు బేరింగు, కనెక్టింగ్ రాడ్‌లో ఇంకా ఆట లేదు. రాడ్‌ని పైకీ కిందికీ లాగితే కదలిక సున్నా ఉండాలి, పక్కకి కొద్దిగా ఊగినా ఫర్వాలేదు. 30 గంటల దగ్గర మళ్ళీ చూస్తాం.

జూన్ వానలకి ఓవల్ చిత్తడైంది. ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేశాం. ప్లగ్ రంధ్రంలో 10 మి.లీ. 2టీ ఆయిల్ పోసి కిక్కు నెమ్మదిగా ఆరుసార్లు తిప్పి, పిస్టన్ పోర్టులు మూసే చోట ఆపాం. వెనక చక్రం నేలకి తగలకుండా స్టాండు మీద ఉంది. తేమ, ఎలుకలు పోకుండా సైలెన్సర్ నోట్లో నూనె గుడ్డ కుక్కి, అది అక్కడుందని అట్టముక్క మీద రాసి హ్యాండిల్‌కి కట్టాం.